విదేశీ వర్తకాన్ని నిలబెట్టిన తెలుగు రాణి – రుద్రమదేవి

ఈనాడు మన ఇండ్లలోని ఆడపిల్లలు ఎగుమతి దిగుమతి కంపెనీలలోను, ఓడ సరుకుల ఆఫీసులలోను, బ్యాంకుల విదేశీ మారకం విభాగాలలోను ఉద్యోగాలు చేస్తున్నారు. మనవరాలు అర్ధరాత్రి దాకా మేలుకొని అమెరికా వాళ్ళతో బేరసారాలు మాట్లాడుతూ ఉంటే చూచి, ఇది కొత్త కాలపు వింత అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. విదేశీ వర్తకంలో ఆడవారి చేయి కొత్తది కాదు. ఏడువందల యాభై ఏండ్ల క్రిందటే ఒక తెలుగు స్త్రీ, సముద్రం మీద వచ్చే సరుకుకు, ఆ సరుకు తెచ్చే పరదేశి వర్తకుడికి పూచీపడి ముప్పై ఏండ్లకు దగ్గరగా రాజ్యం నడిపింది. ఆమె కాకతి రుద్రమదేవి.

రుద్రమ అనగానే మనకు గుర్తుకు వచ్చేది గుర్రం, కత్తి. నవలలలోను, నాటకాలలోను, 2015లో వచ్చిన సినిమాలోను అదే చూపించారు. అది అబద్ధం కాదు. కాని ఆమె లెక్క చూచిన సుంకాలు, కాపాడిన రేవు, ఆ రేవుకు వెనుక ఉన్న మన కర్నూలు కడప సీమ – వీటిని గురించి చెప్పేవారు తక్కువ. రెవెన్యూ కాగితాల మధ్య జీవితం గడిపిన నాబోటివానికి ఆ భాగమే ఎక్కువ రుచిస్తుంది. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆమె కథను ఆ వైపు నుండి వ్రాస్తున్నాను.

కూతురికి పట్టం

కాకతీయులు మొదట ఓరుగల్లు చుట్టుపక్కల పాలించినవారు. సముద్రం వారికి దూరం. రుద్రమ తండ్రి గణపతిదేవుడు క్రీ.శ. 1199లో సింహాసనం ఎక్కిన తరువాత కొద్ది ఏండ్లలోనే కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమను గెలిచి, తీరాంధ్రాన్ని తన రాజ్యంలో కలుపుకున్నాడు. అప్పటి నుండి ఓరుగల్లుకు రేవులు దక్కాయి. వాటిలో ముఖ్యమైనది మోటుపల్లి. ఇది చినగంజాము దగ్గర ఉన్నది. ఒకప్పుడు దానికి దేశ్యుయ్యక్కొండపట్టణము అని మరొక పేరు కూడా ఉండేది.

గణపతిదేవునికి కొడుకులు లేరు. ఇద్దరు కూతుళ్ళు – రుద్రమ, గణపాంబ. గణపాంబను ధరణికోట ప్రభువు కోట బేతరాజుకు ఇచ్చారు. భర్త పోయిన తరువాత ఆమె ఆ సీమను తానే పాలించింది. రుద్రమను నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునికి ఇచ్చి పెండ్లి చేశారు. కాని రాజ్యాన్ని అల్లునికి గాని, దాయాదులకు గాని అప్పగించకుండా గణపతిదేవుడు కూతురికే అప్పగించాడు. 1260 ప్రాంతం నుండి తనతోపాటు కూర్చోబెట్టుకుని పని నేర్పించాడు. 1262 ప్రాంతం నుండి ఆమె స్వతంత్రంగా పాలించింది.

ఈ సంగతి ఎంత పెద్దదో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా భాగం ఇస్తూ చట్టం 1986లో వచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుండి, ఆ నాటికి పెండ్లి కాని కూతుళ్ళకు మాత్రమే వర్తించింది. దేశమంతటా కూతుళ్ళందరికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. ఆ చట్టం కాగితాలు తాలూకా ఆఫీసులకు వచ్చిన కొత్తల్లో చెల్లెలికి భాగమా అని అన్నలు గొణిగిన గొణుగుడు మనలో చాలామంది విన్నదే. అటువంటిది, పదమూడవ శతాబ్దంలో ఆస్తి కాదు, ఏకంగా రాజ్యాన్నే కూతురి పేర వ్రాసినాడు గణపతిదేవుడు.

అయినా పేరు దగ్గర లోకం కొంత రాజీ కోరింది. శాసనాలలో చాలాచోట్ల ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే చెక్కారు. ఆమె మగవేషంలోనే కొలువు తీరేదని చెబుతారు. కొందరు సామంతులకు ఆడది సింహాసనం మీద కూర్చోవడం గిట్టలేదు. దాన్ని అదునుగా తీసుకుని దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. రుద్రమ అతనిని తిప్పికొట్టడమే కాక బీదరు దాకా తన అధికారం చాటింది. బీదరు కోటలో దొరికిన శాసనంలో ఆమెకు రాయగజకేసరి అనే బిరుదు ఉన్నది. ఓరుగల్లు స్వయంభూ దేవాలయంలో ఆమె కట్టించిన మండపం స్తంభాలలో సింహం మీద కూర్చున్న వీరనారి బొమ్మ ఉన్నది.

మోటుపల్లి ఉత్తర్వు

ఇప్పుడు వర్తకం సంగతికి వస్తాను. మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక రాతి స్తంభం మీద గణపతిదేవుడు శా.శ. 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన శాసనం ఉన్నది. దానిని అభయ శాసనం అంటారు. చదివితే అచ్చంగా ఒక జి.ఓ. చదివినట్టే ఉంటుంది. ముందు పూర్వపు పద్ధతి, తరువాత దానిలోని అన్యాయం, ఆ తరువాత కొత్త ఉత్తర్వు, చివర రేట్ల పట్టిక – అన్నీ వరుసగా ఉన్నాయి.

పూర్వపు పద్ధతి ఏమిటంటే, ఒక దేశం నుండి మరొక దేశానికి పోయే ఓడ తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకు వస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం ఆ తీరపు రాజు బలవంతంగా పట్టుకునేవాడు. ప్రాణం కంటె ధనమే ఎక్కువ అనుకుని సముద్రానికి తెగించిన వర్తకుడు, ప్రాణంతో ఒడ్డు ఎక్కి ధనం పోగొట్టుకునేవాడు. గణపతిదేవుడు ఈ ఆచారం రద్దు చేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతి సరుకుల మీద సుంకం ముప్పైలో ఒక వంతు. అంటే నూటికి మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. ఆ తరువాత మంచి గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు – ఒక్కొక్క సరుకుకు వేరు వేరు రేట్లు చెక్కించాడు. చీనా కర్పూరమని విడిగా వ్రాయవలసి వచ్చిందంటే, ఎంత దూరపు సరుకు ఆ రేవులో దిగేదో గ్రహించవచ్చు.

రేటు ఎంత అన్నదాని కంటె, రేటు ముందుగా తెలియడం వర్తకుడికి ముఖ్యం. దయతో ఇచ్చేది ఒకరోజు ఉంటుంది, ఒకరోజు పోతుంది. నియమం ప్రకారం ఇచ్చేది నిలుస్తుంది. ఈ తేడా పెన్షనర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పెన్షను అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ తేదీనే మనం ఏటేటా పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము. మోటుపల్లి రాయి మీద ఉన్నదీ ఆ ధర్మమే.

శాసనం తండ్రిది గదా, ఇందులో రుద్రమ గొప్ప ఏమున్నదని అడగవచ్చు. ఆఫీసులో పనిచేసినవారు ఆ ప్రశ్న వేయరు. ఉత్తర్వు వ్రాయడం ఒక ఎత్తు, అమలు ఒక ఎత్తు. ఉత్తర్వు ఇచ్చిన దొర మారగానే పాత పద్ధతి మళ్ళీ తలయెత్తడం మనం ఎన్నిసార్లు చూడలేదు? కొత్తగా పట్టానికి వచ్చిన రాణి, చుట్టూ శత్రువులు, యుద్ధానికి డబ్బు కావాలి. అటువంటి సమయంలో ఒడ్డుకు కొట్టుకువచ్చిన నిండు ఓడ ఎంత ఆశ పెడుతుంది! ఆ ఆశకు ఒక్కసారి లొంగినా ఆ కబురు రేవు రేవుకూ పాకి, మరుసటి ఏడు ఓడలు వేరే తీరం చూచుకునేవి. తండ్రి మాటను నిలబెట్టవలసిన భారం రుద్రమ మీద పడింది.

తీరానికి కూడా ముప్పు లేకపోలేదు. 1263 ప్రాంతంలో దక్షిణం నుండి పాండ్యులు నెల్లూరు దాకా వచ్చారు. ఉత్తరం నుండి కళింగ గాంగులు గోదావరి దాటి దిగారు. రుద్రమ సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు గాంగులను వెనక్కు తరిమి వేంగి సీమను నిలిపారు. తీరం నిలిస్తేనే రేవు, రేవు నిలిస్తేనే రాబడి.

రాబడి ఉన్న రాజ్యం చేయవలసిన పనులు కూడా ఆమె చేసింది. 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం, తండ్రి ఇస్తానన్న మందడం గ్రామంతోపాటు వెలగపూడిని కూడా విశ్వేశ్వర శివాచార్యులకు ధారపోసింది. అక్కడి మఠానికి అనుబంధంగా విద్యాశాల, అన్నసత్రం, వైద్యశాల, ప్రసూతిశాల నడిచాయి. పురుడు పోయడానికి ప్రత్యేకంగా ఒక శాల ఉండాలని ఆ కాలంలో తోచడం చిన్న సంగతి కాదు. 2016 నుండి మన సచివాలయం పనిచేస్తున్నది ఆ వెలగపూడిలోనే.

ఇటలీ వాని లెక్క

మోటుపల్లి ఎంత బాగా నడిచిందో చెప్పినవాడు మనవాడు కాదు. వెనీసు నగరపు వర్తకుడు మార్కోపోలో. ఆయన చైనా నుండి సముద్రం మీద తిరుగు ప్రయాణమై 1295లో ఇల్లు చేరాడు. 1298లో జెనోవా చెరలో ఉండగా తన అనుభవాలను మరొకని చేత వ్రాయించాడు. అందులో ముట్ఫిలి అని మన మోటుపల్లికి ఒక అధ్యాయం ఉన్నది.

ఆ రాజ్యాన్ని ఒక రాణి పాలిస్తున్నదనీ, భర్త పోయి నలభై ఏండ్లు అయినా మళ్ళీ పెండ్లాడక, న్యాయంగా శాంతంగా రాజ్యం చేసిందనీ, ఆమె ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమించారనీ ఆయన వ్రాయించాడు. అక్కడి సన్నని నూలు బట్టలను సాలెగూడుతో పోల్చి, రాజులు రాణులు కూడా ముచ్చటపడి కట్టుకోదగినవి అన్నాడు. లోకంలో అన్నిటికన్న పెద్ద గొర్రెలు అక్కడే ఉన్నాయన్నాడు. మన దేశపు గొర్రెలలో ఎత్తైన జాతి నెల్లూరు జాతి అని తెలిసినవారికి ఆ మాట మరీ అతిశయోక్తి అనిపించదు.

అన్నిటికన్న ఎక్కువగా చెప్పింది వజ్రాలను గురించి. వానకాలంలో కొండల మీద నుండి వరదలు దిగి, నీరు తీసిన తరువాత ఆ వాగులలో జనం వజ్రాలు ఏరుకుంటారని చెప్పాడు. పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటితో పాటు వజ్రాలు తెస్తాయన్న కథ కూడా చెప్పాడు. కథను పక్కన పెడితే, మొదటి మాట మన కర్నూలు వారికి కండ్లెదుటి సంగతి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో పిల్లా పెద్దా అంతా తల వంచుకుని రాళ్ళు వెదుకుతూ తిరగడం మనకు ఏటా తెలిసిందే. బనగానపల్లె, రామళ్ళకోట, అనంతపురం జిల్లా వజ్రకరూరు, కడప దగ్గర పెన్న ఒడ్డున చెన్నూరు – ఇవన్నీ పాత వజ్రాల తావులు. పద్దెనిమిదవ శతాబ్దంలో బ్రెజిలులో వజ్రాలు బయటపడే వరకు ప్రపంచానికి వజ్రమంటే దాదాపుగా మన దేశపు వజ్రమే. మేలైన రాళ్ళు పెద్ద పెద్ద రాజులకు పోగా, తమ దేశాలకు వచ్చేవి మిగిలిన తాలు మాత్రమేనని మార్కోపోలో నొచ్చుకున్నాడు. చినుకు కోసం ఆకాశం వంక చూచే ఈ మెట్టసీమ, ఆ రోజుల్లో యూరపు రాజులు ఆశగా చూచే సీమ!

అయితే మార్కోపోలో రెండు పొరపాట్లు చేశాడు. రుద్రమ రాజు భార్య కాదు, రాజు కూతురు. రాజ్యం ఆమెకు భర్త వల్ల రాలేదు, తండ్రి వల్ల వచ్చింది. రెండవది, ఆయన ఇల్లు చేరేనాటికే ఆమె లేదు. బట్ట పేరు, రాయి ధర, గొర్రె కొలత అన్నీ పట్టించుకున్న ఆ వర్తకుడు రాణి పేరు మాత్రం వ్రాయించలేదు. ఫలానా వారి భార్య అన్నదే ఆయనకు సరిపోయింది. ఫ్యామిలీ పెన్షను కాగితాలు చూచినవారికి ఇది ఎరుకే. ముప్పై ఏండ్లు సంసారం ఈదిన ఇల్లాలు కూడా రిజిస్టరులో మొదట కీర్తిశేషులు ఫలానా వారి భార్యే. ఆమె సొంత పేరు తరువాతి గడిలో ఉంటుంది.

కడప గడ్డ మీద తిరుగుబాటు

ఇక మన సీమకు సంబంధించిన విషాద భాగం. గణపతిదేవుని కాలంలో గంగయ సాహిణి అనే కాయస్థ నాయకుడు ఉండేవాడు. సాహిణి అంటే గుర్రపు దళానికి అధిపతి. నల్లగొండ దగ్గరి పానుగల్లు నుండి కడప సీమలోని మార్జవాడి దాకా ఉన్న దేశాన్ని రాజు అతనికి అప్పగించాడు. కాయస్థుల ముఖ్య పట్టణం వల్లూరు. కడపకు కమలాపురానికి మధ్యనున్న ఆ వల్లూరే. పుష్పగిరి క్షేత్రం ఆ చెంతనే ఉన్నది.

గంగయ తరువాత జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు రుద్రమకు విధేయులుగా ఉన్నారు. 1272 ప్రాంతంలో వారి తమ్ముడు అంబదేవుడు అధికారంలోకి వచ్చాడు. సమర్థుడు, పౌరుషవంతుడు. కాని ఓరుగల్లుకు తలవంచడం అతనికి ఇష్టం లేదు. రాణికి విధేయులైన చుట్టుపక్కల నాయకులను ఒక్కొక్కరినే కొట్టి, నెల్లూరులో తనకు అనుకూలుడిని నిలబెట్టి, యాదవులతోను పాండ్యులతోను చెలిమి కలుపుకుని, స్వతంత్రుడినని ప్రకటించుకున్నాడు. త్రిపురాంతకం కూడా అతని చేతికి చిక్కింది. మార్కాపురం తాలూకాతో కలిసి 1970 వరకు మన కర్నూలు జిల్లాలో ఉన్న త్రిపురాంతకమే అది. ఆ ఏడు కొత్త జిల్లాలో చేరింది.

పటం ముందు పెట్టుకుని చూస్తే ఈ తిరుగుబాటు బరువు తెలుస్తుంది. ఒక వైపు శ్రీశైలం కొండలు, ఇంకొక వైపు పెన్న లోయ, నెల్లూరు వైపు తీరం. సీమ సరుకు సముద్రానికి దిగే దారులు అంబదేవుని కత్తి క్రిందికి వచ్చాయి. సముద్రం మీద నుండి వచ్చే సరుకుల్లో గుర్రాలు ముఖ్యమైనవి. దక్షిణాది రాజులందరూ పరదేశపు గుర్రాల మీద ఆధారపడినవారే. ఏ గుర్రపు దళానికి నాయకులుగా కాయస్థులు పైకి వచ్చారో, ఆ బలంతోనే అంబదేవుడు రాణికి ఎదురు తిరిగాడు.

రుద్రమ అప్పటికి వృద్ధురాలు. అయినా ఇంట్లో కూర్చోలేదు. తన సేనాని మల్లికార్జున నాయకునితో కలిసి తానే దండు నడిపింది. తిరిగి రాలేదు. నల్లగొండ సీమలో నకిరేకల్లు దగ్గర చందుపట్ల అనే పల్లెలో ఒక శాసనం ఉన్నది. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు, శివసాయుజ్యం పొందిన రుద్రమదేవికీ, మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా సోమనాథదేవునికి భూమి ఇచ్చి ఆ రాయి వేయించాడు. దాని తేదీ 1289 నవంబరు. మరుసటి ఏడు త్రిపురాంతకంలో అంబదేవుడు వేయించిన శాసనంలో మల్లికార్జునపతి సప్తాంగాలను హరించినట్లు చెప్పుకున్నాడు. రాజ్యాంగాలు ఏడింటిలో మొదటిది ప్రభువు. ఈ రెండు రాళ్ళను పక్కపక్కన పెట్టి, రుద్రమ అంబదేవునితో జరిగిన పోరులోనే మరణించిందని చరిత్రకారులు నిర్ణయించారు. ఆ మహారాణి మరణవార్తను మనకు అందించింది పెద్ద పెద్ద కవులు కాదు, ఒక సామాన్య సేవకుడు.

రుద్రమకు కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుని పెంచి, పని నేర్పి, వారసునిగా నిలిపి పోయింది. తండ్రి తనకు చేసినట్టే తానూ చేసింది. ప్రతాపరుద్రుడు 1291లో అంబదేవుని త్రిపురాంతకం నుండి వెళ్ళగొట్టాడు. అంబదేవుడు ములికినాడుకు తగ్గిపోయాడు. 1294 నాటికి కాకతీయ సేనలు ఆదోని, తుంబళం కోటలు కూడా పట్టుకున్నాయని రాయచూరు కోట శాసనం చెబుతున్నది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల పాలయింది.

మిగిలింది ఏమిటి

రాజ్యం పోయినా మాట పోలేదు. ఓరుగల్లు పడిన ముప్పై అయిదేండ్లకు, 1358లో, కొండవీటి అనపోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ శాసనం వేయించాడు. అంటే గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమ కష్టకాలంలో నిలబెట్టిన పద్ధతే వర్తకానికి మంచిదని తరువాతివారికీ తెలిసింది. ఆ తరువాత కాలంలో మచిలీపట్నం పైకి వచ్చింది, మోటుపల్లి వెనుకబడింది. ఇప్పుడది గుడి, శాసనాలు మిగిలిన చిన్న పల్లె.

రుద్రమ స్వయంగా తక్కెడ పట్టి సరుకు అమ్మలేదు. కాని వర్తకుడు ఓడ ఎక్కేటప్పుడు కోరుకునే మూడూ ఆమె రాజ్యంలో దొరికాయి – ముందుగా తెలిసిన సుంకం, దారిలో రక్షణ, మాట తప్పని ప్రభుత్వం. ఈనాడు మన ఆడపిల్లలు విదేశాల వారితో చేసే ఉత్తర ప్రత్యుత్తరాలలో, ఒప్పందాలలో, బ్యాంకు పూచీలలో ఉన్నది కూడా ఈ నమ్మకమే. పేర్లు ఇంగ్లీషువి, సాధనాలు కొత్తవి, అంతే.

కాబట్టి మన సభ్యులకు నాదొక మనవి. మనవరాలు ఓడల కంపెనీలో ఉద్యోగమనో, ఎగుమతి వ్యాపారం పెడతాననో అంటే, ఆడపిల్లకు అంత దూరపు వ్యవహారాలెందుకని ముఖం చిట్లించకండి. శ్రీశైలానికో, పుష్పగిరికో పోయినప్పుడు దారిలో త్రిపురాంతకం, వల్లూరు పిల్లలకు చూపించండి. ఎప్పుడైనా చీరాల వైపు పోతే మోటుపల్లి గుడిలోని ఆ రాతి ఉత్తర్వును చూచి రండి. ఆ సంతకం తండ్రిదైనా, దాన్ని ప్రాణం పోయేదాకా చెల్లుబాటు చేసింది కూతురు అని వారికి చెప్పండి.